ఫ్రోజెన్ డబ్బా భోజనం రోజూ తినొచ్చా? అసలు కొనడం దండగా?

నైట్‌షిఫ్ట్ — సోమవారం, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. నెలలో సగం రోజులు నాకు రాత్రి డ్యూటీ. పొద్దున ఇంటికొచ్చేసరికి కళ్ళు మూతలు పడుతుంటాయి, గిన్నె కడగాలన్నా ఏడుపొస్తుంది. ఇన్నాళ్ళూ దారిలో నూనెలో వేయించినవేవో కొనుక్కుని, నిలబడే తినేసి పడుకునేవాణ్ణి. పోయిన వారం మాత్రం ఫ్రోజెన్ రెడీ మీల్స్ ఆరు డబ్బాలు తెచ్చి ఫ్రీజర్‌లో పేర్చాను.

రెండు తిన్నాను. మొదటిది నిజంగానే బాగుంది. రెండోది అంచుల్లో మాడిపోయి, నడిమధ్యలో మాత్రం మంచుగడ్డ. స్పూను గుచ్చితే టక్‌మంది.

ఇప్పుడు నా సందేహాలు. గడ్డకట్టిస్తే పోషకాలన్నీ పోతాయంటారు, నిజమేనా? నెలల తరబడి పాడవకుండా ఉందంటే ఏదో మందు కలిపే ఉంటారు కదా? మొన్న డాక్టరు నా బీపీ చూసి "గీత మీద ఉంది, జాగ్రత్త" అన్నారు. మిగతా నాలుగు డబ్బాలు తినమంటారా, పారేయమంటారా?

గరిటెమాట — సోమవారం, ఉదయం 9:15

నాయనా, నెలల క్రితం ఎవరో, ఎక్కడో, ఏ నూనెతోనో వండింది. దాన్ని భోజనం అనడానికే నాకు నోరు రాదు. సెలవు రోజున రెండు గంటలు కూర్చుని నాలుగు పూటలకు వండి పెట్టుకోలేవా? వంట పెద్ద విద్యేం కాదు. బద్ధకాన్ని ఓపిక లేకపోవడం అనుకుంటున్నావేమో చూసుకో. కోపం తెచ్చుకోకు, మా అబ్బాయికీ ఇదే చెప్తాను.

తిండిపోతు_2 — సోమవారం, ఉదయం 9:31

మీ అబ్బాయి వింటాడా అక్కా?

డబ్బా మీది బొమ్మ సంగతి ఎవరూ ఎత్తలేదేం? బొమ్మలో చికెన్ ముక్కలు తొమ్మిది లెక్కపెట్టాను, లోపల నాలుగు. పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో "చిత్రం సూచన కోసం మాత్రమే" అని ఉంటుంది. దేనికి సూచనో మరి.

శీతలగది — సోమవారం, మధ్యాహ్నం 1:05

పదకొండేళ్ళు ఫ్రోజెన్ ఫుడ్ ప్లాంటులో నాణ్యత చూసే విభాగంలో పనిచేశాను. ఇప్పుడు ఆ రంగంలో లేను, ఎవరి సరుకూ అమ్మను. తెలిసింది చెప్తాను.

మందు సంగతి ముందు. తిండిని పాడుచేసేది సూక్ష్మజీవులు. మైనస్ 18 డిగ్రీల దగ్గర అవి చావవు గానీ పెరగలేవు. నీళ్ళన్నీ మంచైపోయాక వాటికి తాగడానికి చుక్క దొరకదు. అందుకే ప్రిజర్వేటివ్ అవసరం చాలావరకు ఉండదు, చలే ఆ పని చేస్తుంది. సాసుల్లోనో, ఉప్పు పట్టించిన మాంసం ముక్కల్లోనో ముందే కలిసి వచ్చేది వేరు, అది జాబితాలో కనిపిస్తుంది. డబ్బా మీది గడువు తేదీ కూడా ఎక్కువగా రుచికి సంబంధించినదే. కొవ్వు చలిలోనూ మెల్లమెల్లగా కనరెక్కుతుంది, ముక్క ఆరిపోతుంది, అంతే.

పోషకాల సంగతి. కూరగాయను ఫ్రీజ్ చేసే ముందు ఒకటి రెండు నిమిషాలు వేడినీళ్ళలోనో ఆవిరిలోనో ఉంచి తీస్తారు. బ్లాంచింగ్ అంటాం. లోపలి ఎంజైములు ఆగకపోతే ఫ్రీజర్‌లో కూడా రంగూ రుచీ చెడతాయి. ఆ దెబ్బకు విటమిన్ సి కొంత పోతుంది. ఆ తర్వాత తగ్గేది నెమ్మది. బఠాణీలనే తీసుకోండి. కోసిన కొద్ది గంటల్లోనే అవి లైను మీదకొచ్చేవి. చిల్లుల బెల్టు కింద నుంచి మైనస్ 30 డిగ్రీల పైచిలుకు చలిగాలి కొడుతుంటే గింజలన్నీ గాల్లో తేలుతూ, ఒకదానికొకటి అంటకుండా, మరుగుతున్న నీళ్ళలా కదిలేవి. పది నిమిషాల్లోపే రాళ్ళు. మొదటిరోజు అరగంట అలాగే నిలబడి చూశాను, సూపర్‌వైజర్ వచ్చి కసిరేదాకా. అదే బఠాణీ లారీలో రెండ్రోజులు, కొట్లో రెండ్రోజులు, మన ఫ్రిజ్‌లో మూడ్రోజులు ఉండి "తాజాగా" గిన్నెలో పడితే విటమిన్ ఎందులో ఎక్కువ మిగిలిందో మీరే చెప్పండి.

వేగంగా గడ్డకట్టించడంలోనే ఉంది కిటుకంతా. మైనస్ 1కీ మైనస్ 5కీ మధ్య ఎంత నెమ్మదిగా నడిస్తే మంచు పలుకులు అంత పెద్దవవుతాయి, కణాల గోడలు చీలిపోతాయి. కరిగించినప్పుడు ముక్క మెత్తబడి నీరు కారేది అందుకే. 1912లో కెనడా ఈశాన్య తీరంలోని లాబ్రడార్ వెళ్ళిన క్లారెన్స్ బర్డ్స్ఐ అనే ఆయన, అక్కడి ఇన్యూట్ జనం పట్టిన చేప ఆ చలిగాలికి క్షణాల్లో బిగుసుకుపోయి, నెలల తర్వాత కరిగించినా తాజాగా ఉండడం చూశాడు. దాన్నే యంత్రంలోకి తెచ్చాడు. 1930లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆ సరుకు మొదటిసారి దుకాణాల్లోకి వచ్చింది.

కాబట్టి నైట్‌షిఫ్ట్ గారూ, చలిని అనుమానించకండి. చలిలోకి వెళ్ళకముందు ఆ ట్రేలో ఏం పోశారో, దాన్ని అనుమానించండి.

గరిటెమాట — సోమవారం, మధ్యాహ్నం 2:20

శీతలగది గారూ, బఠాణీల మీద నాకేం కోపం లేదు, మా ఇంట్లోనూ ఉన్నాయి. నేనంటున్నది తయారు భోజనం గురించి. మందులేం లేకపోతే ఆ డబ్బా వెనక చేంతాడంత జాబితా ఏమిటి? నేను కూర వండితే ఎనిమిది వస్తువులు. వాళ్ళు వండితే ముప్ఫై రెండు. లెక్కపెట్టాను.

శీతలగది — సోమవారం, సాయంత్రం 6:48

మంచి ప్రశ్నే. ఒక సంగతి చెప్పండమ్మా, మీరెప్పుడైనా పిండి కలిపి చిక్కబరిచిన గ్రేవీని ఫ్రీజ్ చేశారా?

గరిటెమాట — సోమవారం, సాయంత్రం 7:02

చేశాను. విరిగిపోయింది. పైన నీళ్ళు, కింద గసిలా ఏదో. పారబోశాను.

శీతలగది — సోమవారం, సాయంత్రం 7:40

అదే. ఉడికిన పిండి పదార్థం చల్లబడేకొద్దీ మళ్ళీ బిగుసుకుంటూ పట్టుకున్న నీటిని వదిలేస్తుంది. మీ గ్రేవీ ఒక్కసారికే విరిగింది. ప్లాంటు నుంచి లారీ, లారీ నుంచి గోదాము, అక్కణ్ణుంచి దుకాణం, ఆ తర్వాత మీ సంచి. ఇన్ని చేతులు మారేలోగా కాస్త కరగడం, మళ్ళీ గట్టిపడడం ఉంటుంది. దాన్ని తట్టుకోవడానికే మాడిఫైడ్ స్టార్చ్, జాంథాన్ గమ్ లాంటివి. జాబితాలో సగం పేర్లు ఈ బాపతే. వాటికి భయపడి పారిపోవాల్సిన పని లేదని నా ఉద్దేశం.

మిగతా సగం గురించి మీ అనుమానం సరైనదే. ఒక్క నిజం ఒప్పుకుంటాను. గడ్డకట్టించి మళ్ళీ వేడిచేస్తే తాలింపు వాసన, ఆకుల ఘుమఘుమ చాలామటుకు ఎగిరిపోతాయి. ఆ లోటు పూడ్చడానికి అందరికంటే చవకగా దొరికేది ఉప్పు. రుచి చూసే బల్ల దగ్గర కూర్చుని "ఇంకొంచెం పడాలి" అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

పోషణపట్టిక — సోమవారం, రాత్రి 9:10

నేను డైటీషియన్‌ని. ఆ చివరి మాట దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే బీపీ గీత మీద ఉన్న మనిషికి అసలు ప్రశ్న అదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు చెప్పేది రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు. అంటే 2,000 మిల్లీగ్రాముల లోపు సోడియం. కొన్ని లేబుళ్ళ మీద ఉప్పు రాస్తారు, కొన్నింటి మీద సోడియం. సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. చాలామంది 800 మిల్లీగ్రాముల సోడియం చూసి "గ్రాము కూడా లేదు" అనుకుని డబ్బా బుట్టలో వేస్తారు. అది 2 గ్రాముల ఉప్పు.

రెండో మోసం... మోసమనకూడదేమో, లేబుల్ తెలివి అందాం. "ఒక సర్వింగ్‌కు", అంటే ఒకసారి తినే వంతుకు అని అంకెలిస్తారు. డబ్బాలో రెండు సర్వింగులని పక్కన ఎక్కడో ఉంటుంది. సగం తిని సగం దాచుకునేవాణ్ణి నా ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో చూడలేదు.

100 గ్రాముల లెక్క కూడా ఒక్కోసారి కళ్ళు కప్పుతుంది. బ్రిటన్‌లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తులు వేస్తారు. 100 గ్రాముల్లో ఉప్పు 1.5 గ్రాములు దాటినా, పెద్ద డబ్బా అయితే పూట మొత్తానికి 1.8 దాటినా ఎరుపు. మరి 100 గ్రాములకు 0.6 అన్న అంకె ఒక్కటే చూస్తే? పసుపు లెక్కే, పర్లేదనిపిస్తుంది. కానీ మీరు తినేది 400 గ్రాములు. 2.4 గ్రాముల ఉప్పు ఒక్క పూటలోనే లోపలికి పోయింది, రోజు మొత్తం కోటాలో దాదాపు సగం. చిప్స్ ప్యాకెట్ అయితే గుప్పెడు తింటాం, భోజనం డబ్బా మొత్తం తింటాం కదా.

నా దగ్గరికి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది: డబ్బా మొత్తానికి సోడియం 600 లోపు ఉంటే నిశ్చింతగా తినండి. 600 నుంచి 800 అయితే ఆ రోజు మిగతా పూటల్లో చెయ్యి బిగపట్టండి. దాటితే అక్కడే పెట్టేసి రండి. ఇది నా పని సులువు కోసం పెట్టుకున్న గీత, శాసనం కాదు.

లెక్కలమాష్టారు — మంగళవారం, ఉదయం 7:20

నిన్న రాత్రి ఇదంతా చదివాక ఊరుకోలేక వంటింటి తూకం తీశాను. 350 గ్రాముల చికెన్ రైస్ డబ్బా. వేడిచేసి, ఫోర్కుతో విడదీసి, గ్రేవీని జల్లెడలో వడగట్టి మరీ తూచాను. మా ఆవిడ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను.

అన్నం 190 గ్రాములు. గ్రేవీ 85. చికెన్ 48. కూరగాయలు 27.

27 గ్రాములంటే ఆరు బఠాణీలు, నాలుగు క్యారెట్ ముక్కలు, పేరు తెలియని పచ్చటిదేదో ఒకటి. అంటే మనం డబ్బు పెడుతున్నది ప్రధానంగా అన్నానికీ, చిక్కటి ఉప్పునీళ్ళకీ. ధర పోల్చేటప్పుడు డబ్బాతో డబ్బాను కాదు, అందులో ఉన్న మాంసం, కూరగాయల బరువుతో పోల్చండి. పదార్థాల జాబితాలో ఏది ముందుంటే అది ఎక్కువున్నట్టు. చాలాచోట్ల పక్కనే శాతం కూడా రాస్తారు, 14 శాతం చికెన్ అని. అన్నం ఎవడైనా వండుకోగలడు మహాశయా!

తిండిపోతు_2 — మంగళవారం, ఉదయం 7:34

మాష్టారూ, తూచినదంతా తర్వాత కలిపి తిన్నారా లేదా? అది చెప్పండి ముందు.

లెక్కలమాష్టారు — మంగళవారం, ఉదయం 7:36

తిన్నాను. చల్లారిపోయింది.

ఒంటిపొయ్యి — మంగళవారం, ఉదయం 10:50

నాకు అరవై ఎనిమిది. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. నా భార్య పోయి రెండేళ్ళయింది. నలభై ఏళ్ళు స్టవ్ వెలిగించే అవసరం రాలేదు నాకు. సిగ్గుపడాల్సిన విషయమే, తెలుసు. మొదటి ఆర్నెల్లు బ్రెడ్డు, అరటిపండు, బిస్కెట్లు. పదకొండు కిలోలు తగ్గాను. ఒకసారి వండబోయి గిన్నె మాడ్చి, పొగకు పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చాక మళ్ళీ ముట్టుకోలేదు.

ఈ డబ్బాలు మా అమ్మాయి కొనిపెట్టింది. వేడివేడిగా ఆవిర్లు వస్తుంటే చాలు, మనిషినని గుర్తొస్తుంది. బరువు తిరిగి ఆరు కిలోలు పెరిగాను. గరిటెమాట గారు అన్నట్టు అది భోజనం కాకపోవచ్చు. నాకు మాత్రం అయింది.

గరిటెమాట — మంగళవారం, ఉదయం 11:30

అన్నయ్యా, మిమ్మల్ని ఉద్దేశించి అన్న మాట కాదు. తప్పయింది. తినండి.

పోషణపట్టిక — మంగళవారం, మధ్యాహ్నం 12:15

ఒంటిపొయ్యి గారూ, మంచి పని చేశారు. "ఇది ఆరోగ్యకరమా" అని విడిగా అడిగితే జవాబుండదు, "దేని బదులు" అని అడగాలి. బిస్కెట్ల బదులైతే డబ్బా నూరుపాళ్ళు మేలు. నైట్‌షిఫ్ట్ గారికి వేయించినవాటి బదులైతే బహుశా మేలే. చక్కగా వండుకుంటున్నవాళ్ళు మానేసి దీనికి మళ్ళితే నష్టం.

మీ వయసులో ఒక్క జాగ్రత్త. ఉప్పు తగ్గించామని చెప్పే కొన్ని సరుకుల్లో పొటాషియం క్లోరైడ్ వాడతారు. కిడ్నీ సమస్య ఉన్నా, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకుంటున్నా అది ఒంటికి మంచిది కాదు. జాబితాలో ఆ పేరు కనిపిస్తే డాక్టరును అడగండి.

కొత్తకాపురం — మంగళవారం, మధ్యాహ్నం 3:05

అల్ట్రా ప్రాసెస్డ్ తిండి విషమని వీడియోల మీద వీడియోలు వస్తున్నాయి కదండీ. ఇవన్నీ అందులోకే వస్తాయా? మా ఆయన ఆఫీసుకి ఇవే పట్టుకెళ్తున్నారు.

పోషణపట్టిక — మంగళవారం, మధ్యాహ్నం 3:50

కొన్ని వస్తాయి, కొన్ని రావు. ఆ విభజన చేసింది బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయంలో కార్లోస్ మొంటేరో బృందం. నోవా వర్గీకరణ అంటారు. నాలుగు గుంపులు. వంటింట్లో ఉండని పదార్థాలు, అంటే రంగులు, కృత్రిమ రుచులు, నూనె, నీరు విడిపోకుండా పట్టి ఉంచే ఎమల్సిఫయర్లలాంటివి పడితే నాలుగో గుంపు, అదే అల్ట్రా ప్రాసెస్డ్. ఒట్టి కూరగాయలను ఫ్రీజ్ చేస్తే మొదటి గుంపే, దానికి గొడవే లేదు.

గట్టిగా చెప్పగలిగే ప్రయోగం 2019లో వచ్చింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 20 మందిని నెలరోజులు ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి, రెండు వారాలు మామూలు తిండి పెట్టింది. ముందుంచిన భోజనంలో కేలరీలు, చక్కెర, కొవ్వు, సోడియం రెండింట్లో ఒకేలా చూసుకున్నారు. ఎంత కావాలంటే అంత తినమన్నారు. అల్ట్రా ప్రాసెస్డ్ పూటల్లో రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, సగటున 0.9 కిలో పెరిగారు. తినే వేగం కూడా ఎక్కువే ఉంది. మెత్తటి తిండి నమలకుండానే జారిపోతుంది కదా.

కానీ అక్కడ కావలసినంత పెట్టారు. డబ్బా ఒక్కటే ఉంటుంది, అయిపోతే అయిపోయినట్టే. ఆ రకంగా డబ్బాకో మేలు ఉంది. "డైట్" అని రాసి ఉన్న 250 కేలరీలవాటిని మాత్రం నేను ఎవరికీ చెప్పను. గంటన్నరకు మళ్ళీ ఆకలేసి బిస్కెట్ డబ్బా మూత తీస్తారు, ఆ కేలరీలు ఎవరి ఖాతాలో రాయాలి?

నైట్‌షిఫ్ట్ — బుధవారం, ఉదయం 8:15

ఇంత చర్చ జరుగుతుందని అనుకోలేదు. డ్యూటీ నుంచి వచ్చి, షూస్ కూడా విప్పకుండా ఫ్రీజర్ ముందు కూర్చుని నాలుగు డబ్బాల వెనక చదివాను. ఒకదానిలో సోడియం 890. ఇంకోదానిలో 520 అని ఉంటే సంతోషించాను, తిప్పి చూస్తే రెండు సర్వింగులట, అంటే 1,040. మూడోది 430. నాలుగోదాని మీద మంచు పేరుకుని అక్షరాలు కనపడలేదు, గోటితో గీకితే 760.

నాకు బాగుందనిపించిన మొదటి డబ్బా ఏదని చెత్తబుట్టలో వెతికాను. 890దే!

ఇంకో సంగతి. ఆ మంచుగడ్డ గురించి ఎవరూ చెప్పలేదు.

శీతలగది — బుధవారం, మధ్యాహ్నం 12:40

క్షమించాలి, అదే అన్నిటికంటే ముఖ్యం.

మైక్రోవేవ్ నీటిని బాగా వేడిచేస్తుంది, మంచును చాలా తక్కువ. డబ్బాలో అంచులు ముందు కరుగుతాయి. కరిగిన చోట నీరుంది కాబట్టి వేడి మొత్తం అక్కడికే పోతుంది, అక్కడ ఇంకా వేడెక్కుతుంది. మధ్యలో మంచు మంచులాగే ఉంటుంది. ఉన్నవాడికే ఇంకా పెట్టినట్టు. అందుకే డబ్బా మీద "సగం సమయం అయ్యాక తీసి కలపండి, తర్వాత రెండు నిమిషాలు ఆగండి" అని రాస్తారు. ఆ రెండు నిమిషాలు మర్యాద కోసం పెట్టినవి కావు. అంచుల్లోని వేడి మధ్యకు పాకే సమయమది. కలపడానికి వీల్లేని రకమైతే శక్తి సగానికి తగ్గించి ఎక్కువసేపు పెట్టండి.

మీ మైక్రోవేవ్ ఎన్ని వాట్లదో తలుపు లోపలి చీటీ మీదో వెనకాలో చూడండి. డబ్బా మీద 1,000 వాట్లకు సమయం రాసి, మీది 700 అయితే ఆ నిమిషాలు చాలవు.

ఇది రుచి గొడవ మాత్రమే కాదు. చలి సూక్ష్మజీవులను చంపదని మొదట్లోనే చెప్పాను. చంపాల్సింది వేడి. మధ్యభాగం 74 డిగ్రీలు చేరాలని అమెరికావాళ్ళ నియమం, 70 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలని బ్రిటన్‌వాళ్ళది. 2018లో ఐరోపాలో ఫ్రోజెన్ మొక్కజొన్న, కూరగాయల వల్ల లిస్టీరియా అనే ప్రమాదకరమైన బ్యాక్టీరియా సోకిందని తేలింది. 2015 నుంచి లెక్కతీస్తే 47 కేసులు, 9 మరణాలు. కూరగాయలే కదా అని ఉడికించకుండా సలాడ్‌లో వేసుకోకండి, ముఖ్యంగా గర్భిణులూ పెద్దవాళ్ళూ. కొన్ని డబ్బాల్లో మాంసం పూర్తిగా ఉడికి ఉండదు కూడా, పైకి గోధుమరంగు వచ్చి ఉడికినట్టే కనిపిస్తుంది. "పూర్తిగా ఉడికించాలి" అని ఉంటే ఆ మాట పట్టించుకోవాలి.

కొత్తకాపురం — బుధవారం, మధ్యాహ్నం 2:00

ఆ ప్లాస్టిక్ ట్రేతోనే వేడిచేయాలా? నాకు మనసొప్పదు.

శీతలగది — బుధవారం, మధ్యాహ్నం 2:25

నల్లగా గట్టిగా ఉండే ట్రేలు ఓవెన్ వేడిని కూడా తట్టుకునేలా చేసిన పాలియెస్టర్ రకం కావచ్చు. పల్చటివి ఎక్కువగా పాలీప్రొపిలీన్. డబ్బా మీద మైక్రోవేవ్ అని రాసి ఉంటే కరగదు. మనసొప్పకపోతే గాజు గిన్నెలోకి మార్చుకోండి, నేనూ అదే చేస్తాను. ప్లాంటులో చేసినవాణ్ణి ఇంట్లో గాజు గిన్నె వాడతానంటే నవ్వుతారేమో. కూర గిన్నెలో తింటే బాగుంటుంది, అంతకంటే కారణం లేదు.

నిర్వాహకుడు — బుధవారం, సాయంత్రం 5:10

ఇక్కడ ఒక సభ్యుడు పెట్టిన "21 రోజుల్లో డీటాక్స్" లింకు తీసేశాం. చర్చ కొనసాగించండి.

గరిటెమాట — గురువారం, ఉదయం 9:00

ఇంత విన్నాక నాకూ పట్టుదల వచ్చింది. నిన్న పెద్ద గిన్నెడు కూర, అన్నం వండి, వేడిగానే ఫ్రీజర్‌లో తోశాను. తెల్లారి చూస్తే కూర పైపైన గడ్డ, లోపల గోరువెచ్చన. పక్కనున్న బఠాణీల సంచీ కరిగి ముద్దయింది. ఇంట్లో వండింది ప్లాంటువాళ్ళ కంటే అధ్వానంగా తయారైంది. నవ్వుకోండి.

శీతలగది — గురువారం, ఉదయం 9:45

నవ్వను గానీ, ఆ అన్నం పారేయండి. గోరువెచ్చగా రాత్రంతా ఉన్న అన్నంలో బాసిలస్ సీరియస్ అనే జీవి పెరుగుతుంది. దాని బీజాలు ఉడికినా చావవు, అది వదిలే విషం మళ్ళీ వేడిచేసినా పోదు. కూర కూడా పారేయమనే చెప్తాను.

ఈసారి పెద్ద గిన్నె వద్దు. రెండు వేళ్ళ లోతు మించని వెడల్పాటి డబ్బాల్లో సర్ది, చన్నీళ్ళ పళ్ళెంలో కాసేపు ఉంచి, వండిన రెండు గంటల్లోపు లోపల పెట్టండి. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, గడ్డకట్టాక పేర్చుకోవచ్చు. అన్నాన్ని ఫ్రిజ్‌లో కంటే ఫ్రీజర్‌లో పెట్టడమే మేలు. ఫ్రిజ్ చలికి గింజ పలుకుబారుతుంది, ఫ్రీజర్‌లో మెత్తదనం నిలుస్తుంది. గ్రేవీకి గోధుమపిండి, మొక్కజొన్న పిండి వద్దు. ఉల్లిపాయ, టమాటా ముద్దతో చిక్కబడిన కూర విరగదు.

ఒంటిపొయ్యి — గురువారం, రాత్రి 8:30

శీతలగది గారికి ఒక ప్రశ్న. మీ మాటలు చదివి నిన్న ఫ్రీజర్ అడుగుదాకా ఖాళీ చేసి తుడిచాను. అట్టడుగున మూత బిగించిన చిన్న డబ్బా ఒకటి దొరికింది. మీద మా ఆవిడ చేతిరాత, కూర పేరు, తేదీ. రెండేళ్ళ మూడు నెలలు. ఫ్రీజర్ ఎప్పుడూ ఆగలేదు. పాడై ఉంటుందా?

శీతలగది — గురువారం, రాత్రి 9:05

మైనస్ 18 దగ్గర కదలకుండా ఉంటే పాడవదండీ. ప్రమాదం ఉండదు. ముక్క ఆరిపోయి, వాసన తగ్గి ఉంటుంది. పైన తెల్లటి మచ్చలుంటే అవి చలికి తేమ ఎగిరిపోయినవి, హానిలేనివి.

ఒంటిపొయ్యి — గురువారం, రాత్రి 9:20

మచ్చలున్నాయి. సరే. మళ్ళీ అక్కడే పెట్టాను.

గరిటెమాట — గురువారం, రాత్రి 9:26

ఉంచండి అన్నయ్యా.

కొత్తకాపురం — శుక్రవారం, ఉదయం 10:10

కరెంటు పోతే? మాకు పోయిన నెల ఒక రాత్రంతా లేదు, అన్నీ పారేశాను.

శీతలగది — శుక్రవారం, ఉదయం 11:00

అయ్యో. తలుపు తీయకపోతే నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండింది 24 గంటలు చలి నిలుపుతుంది. తెరిచి చూశాక ఇంకా మంచు పలుకులు తగులుతుంటే మళ్ళీ గడ్డకట్టించుకోవచ్చు, రుచి కాస్త తగ్గుతుంది. ఊరెళ్ళేటప్పుడు కప్పు నీళ్ళు గడ్డకట్టించి, పైన నాణెం పెట్టి వెళ్ళండి. తిరిగొచ్చేసరికి నాణెం అడుగుకు దిగి ఉంటే, మీరు లేనప్పుడు అంతా ఒకసారి కరిగినట్టు.

దుకాణంలోనూ అంతే. డబ్బా ఊపి చూడండి. లోపల ముక్కలన్నీ ఒకే ఇటుకలా కదిలినా, బయట మంచు దట్టంగా పేరుకున్నా అది దారిలో ఎక్కడో కరిగి మళ్ళీ గట్టిపడిన సరుకు కావచ్చు. ఇంకోటి తీసుకోండి.

నైట్‌షిఫ్ట్ — మూడు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 9:30

అడిగినవాణ్ణి, వచ్చి చెప్పకపోతే బాగుండదు.

డబ్బాలు మానలేదు. వారానికి మూడు. 600 దాటినవి కొనడం లేదు. అలా గీత గీసుకుని వెళ్తే దుకాణంలో ఆ తలుపుల వెనక నాకు పనికొచ్చేవి నాలుగు రకాలే మిగిలాయి. ప్రతిదానిలో రెండు గుప్పెళ్ళ ఫ్రోజెన్ కూరగాయలు కలిపి వేడిచేస్తున్నాను, మాష్టారి 27 గ్రాములు కళ్ళముందు కదులుతుంటే ఒట్టి డబ్బా తినబుద్ధి కావడం లేదు. పక్కన ఉడికించిన గుడ్డు ఒకటి. కూరగాయలు కలిపితే ఉప్పు కూడా చప్పబడి సరిపోతోంది, ముందు ఎంత ఉప్పగా ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది. సెలవు రోజున గరిటెమాట అక్క చెప్పినట్టు ఒక కూర వండి, నాలుగు పల్చటి డబ్బాల్లో సర్దుతున్నాను. మొదటిసారి మాడింది, రెండోసారి తిన్నాను.

బీపీ వచ్చే నెల చూపించుకోవాలి, చూడాలి.

తిండిపోతు_2 — ఆదివారం, ఉదయం 9:41

అంతా బాగుంది. ఆ 1,040 డబ్బా ఏమైంది?

నైట్‌షిఫ్ట్ — ఆదివారం, ఉదయం 9:44

ఫ్రీజర్‌లోనే ఉంది. తినడానికి భయం, పారేయడానికి మనసొప్పట్లేదు.

తిండిపోతు_2 — ఆదివారం, ఉదయం 9:45

రెండు సర్వింగులన్నారుగా. వస్తున్నా, రెండో స్పూను పెట్టండి.